మామగారి టేకు బల్లకు స్టెయినా, తెల్ల పెయింటా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా మామగారు నలభై ఏళ్ల కిందట చేయించిన భోజనాల బల్ల ఇంకా మా ఇంట్లోనే ఉంది. పైపలక టేకు అని ఆయన చెప్పేవారు. కాళ్లకు మాత్రం అప్పట్లోనే ఆకుపచ్చ ఎనామిల్ వేయించారు. పలక మీది వార్నిష్ ఇప్పుడు జిగురుగా తయారై, మోచెయ్యి ఆనిస్తే అంటుకుంటోంది. గిన్నెలు పెట్టిన తెల్లటి వలయాలు, ఇనప మూకుడు పెట్టిన చోట నల్ల మచ్చ, ఆవకాయ నూనె మరకలు ఉన్నాయి. తెల్ల పెయింట్ వేస్తే కొత్తదానిలా ఉంటుందని మా అబ్బాయి వీడియోలు పంపుతున్నాడు. మావారు వాల్‌నట్ రంగు స్టెయిన్ డబ్బా తెచ్చి, పాత వార్నిష్ మీదే పూసేద్దామంటున్నారు. పాలిష్ మేస్త్రిని పిలిస్తే అంతా గీకేసి మెలమైన్ అనే గట్టి పూత కొట్టాలన్నాడు. సంక్రాంతికి పిల్లలందరూ వస్తారు. ఈ పని మేమే చేసుకోగలమా? సన్‌మైకా అతికించిన చదువు బల్ల ఒకటి కూడా పాతబడింది. దానికీ ఇదే పద్ధతి పనికివస్తుందా?

సమాధానం: మీ ఇంట్లో వినిపించిన మూడు మాటల్లో నా మొగ్గు పాలిష్ మేస్త్రి మాటకే, అయితే అది సగం వరకే. పాత పూత పూర్తిగా గీకాలన్నది నిజం; మెలమైనే వేయాలన్నది అవసరం కాదు. గీకడం, సాండ్ పేపర్ పట్టడం, పూత వేయడం అన్నీ మీరిద్దరూ చేసుకోగల పనులే. కాకపోతే ఇందులో రంగు వేయడం చివరి చిన్న పని అనీ, శ్రమలో అధిక భాగం దానికి ముందే అయిపోతుందనీ, ఆ భాగాన్ని వీడియోల్లో అర నిమిషానికి కుదించేస్తారనీ ముందుగానే తెలుసుకుని దిగాలి.

మీవారు తెచ్చిన స్టెయిన్ డబ్బాను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. స్టెయిన్ అనేది కర్రలోకి ఇంకే రంగు మాత్రమే. అది పొరగా నిలబడదు, కర్రను నీటి నుంచి గానీ నూనె నుంచి గానీ కాపాడదు. వార్నిష్ ఉన్న పలక మీద పూస్తే దానికి ఇంకే దారి ఉండదు కాబట్టి పైపైనే నిలిచి, రోజుల తరబడి తడిగా ఉండి, చివరకు ఏ గుడ్డతో తుడిచినా చారికలు చారికలుగా లేచివస్తుంది. పైగా మీ వార్నిష్ ఇప్పటికే మెత్తబడింది. చేతుల జిడ్డు, వంట నూనె, ఏళ్ల తరబడి తగిలిన వేడి కలిసి పాత పూతను అలా జిగురుగా మారుస్తాయి. మెత్తబడిన పొర మీద ఎంత ఖరీదైన పూత వేసినా అది ఆ పొరతో పాటే ఊడిపోతుంది.

అబ్బాయి చెప్పిన తెల్ల పెయింట్ విషయంలో నా అభ్యంతరం అందానికి సంబంధించినది మాత్రమే కాదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది. ఆ నూనె పెయింట్‌ను ఆలస్యంగా ఆరనిస్తుంది. కర్రలోని రంగు కొన్నాళ్లకు తెల్ల పూతలోంచి పసుపుపచ్చగా బయటకు ఊరుతుంది. మధ్యలో లక్క పూత వేసి దీనిని కొంత ఆపవచ్చు గానీ, ఆ తరువాత దానిమీద పప్పుచారూ పులుసూ వడ్డించే ఇల్లు మీది. పసుపు మరక తెల్ల ఎనామిల్ మీద ఎలా కనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. ఇంకొక ముఖ్యమైన సంగతి, టేకు రంధ్రాలు పెద్దవి. ఒకసారి పెయింట్ వాటిలోకి దిగితే, రేపు మనసు మారి మళ్లీ కర్ర చూడాలనుకున్నా ఆ తెల్లని చుక్కలు పూర్తిగా పోవు. మనకు దగ్గరలోని కొండపల్లిలో బొమ్మలు చేసేవారు తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకులు నింపి, సున్నం పూత వేసి, దాని మీద రంగులు దిద్దుతారు. అది తేలికగా, మెత్తగా ఉండే కర్ర. దాని చారలు చూడాలని ఎవరూ ఆశించరు కాబట్టి అక్కడ రంగే అందం. టేకు పలకకు ఆ న్యాయం వర్తించదు.

ముందుగా పలక నిజంగా టేకు దిమ్మ నుంచి కోసిన చెక్కేనా, లేక టేకు పొర అతికించిన ప్లైవుడ్డా అన్నది తేల్చుకోండి. నలభై ఏళ్ల నాటిదంటే దిమ్మ చెక్కే అయివుండవచ్చు, అయినా చూడటం మంచిది. బల్ల కింద పడుకుని టార్చిలైటు వేసి చూడండి. పైన కనిపించే చారలు కిందవైపు కూడా దాదాపు అదే వరసలో ఉండి, పలక చివర అడ్డంగా కోసిన చోట అవే చారలు చుక్కలుగా, వంపులుగా తేలితే అది గట్టి చెక్క. అంచున పలచటి పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తే అది ప్లైవుడ్. దానిమీది టేకు పొర తరచుగా ఒక మిల్లీమీటరు కంటే పలచన కాబట్టి గట్టిగా సాండ్ పేపర్ పడితే కింది చెక్క బయటపడుతుంది. అదే అయితే పని ఆపి, మేస్త్రికి అప్పగించండి.

తరువాత పాత పూత ఏమిటో తెలుసుకోవాలి. కంటికి కనబడని మూల ఒకచోట దూదితో కొద్దిగా పాలిష్ స్పిరిట్ అద్ది ఒక నిమిషం ఉంచండి. పూత కరిగి దూదికి గోధుమ రంగు అంటితే అది లక్క పాలిష్, అంటే మన మేస్త్రులు చపడా అనేది. స్పిరిట్‌కు లొంగక ఎన్‌సీ థిన్నర్‌కు, అంటే లాకర్‌ను పలచన చేసే ద్రావకానికి, కరిగితే అది లాకర్. రెండింటికీ చలించకపోతే నూనె వార్నిషో, మెలమైనో అనుకోవచ్చు. లక్క అయితే మీ అదృష్టం. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతోనే చాలావరకు తుడిచేయవచ్చు.

వార్నిష్ అయితే నేరుగా సాండ్ పేపర్ ఎత్తకండి. జిగురు పొర మీద కాగితం పడితే నాలుగు రుద్దులకే అది మూసుకుపోయి అద్దంలా నున్నబడుతుంది, డబ్బు దండగ. ముందు పెయింట్ రిమూవర్‌ను ఒక జానెడు వెడల్పున పూసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి, పూత ముడతలు పడి లేచినప్పుడు వెడల్పాటి స్క్రేపర్‌తో చారల వెంబడి తోయాలి. స్క్రేపర్ మూలలు ముందే ఆకురాయితో కొద్దిగా గుండ్రంగా అరగదీసుకుంటే పలకకు గాట్లు పడవు. రిమూవర్ చర్మాన్ని మండిస్తుంది, ఆవిరి తల తిప్పుతుంది. కాబట్టి గట్టి రబ్బరు చేతొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని డాబా మీద నీడలోనో, రెండువైపులా గాలి ఆడే వరండాలోనో చేయండి, మూసిన గదిలో వద్దు. గీకిన తరువాత డబ్బా మీద సూచించిన ద్రావకంతో పలకను రెండుసార్లు తుడిచి, ఒక రోజు ఆరనివ్వండి.

ఇక సాండ్ పేపర్. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 80 నంబరుతో మొదలుపెట్టి, 120కి వచ్చి, 180తో ఆపండి. ప్రతి నంబరు అంతకుముందు నంబరు వేసిన గీతలను చెరిపేయాలి. 80 నుంచి ఒక్కసారిగా 180కి దూకితే పాత గీతలు అలాగే మిగిలి, పూత పడగానే తేలి వస్తాయి. కాగితాన్ని అరచేతి కింద వదులుగా పట్టుకోకుండా, చదునైన చెక్కముక్కకు చుట్టి, ఎల్లప్పుడూ చారల వెంబడే నడపండి. అడ్డంగా గానీ గుండ్రంగా గానీ తిప్పితే ఆ గీతలు పొడి చెక్క మీద కనిపించవు, స్టెయిన్ తగిలిన క్షణాన నల్లగా లేస్తాయి. దీనికి ఒక పరీక్ష ఉంది. సాండింగ్ అయిందనుకున్నాక పొడి మొత్తం తుడిచి, గుడ్డను థిన్నర్‌లో తడిపి పలక మీద ఒకసారి లాగండి. ఆరేలోపు కొన్ని క్షణాల పాటు చెక్క తడి రంగులో మెరుస్తుంది. మిగిలిన గీతలు, పాత వార్నిష్ తునకలు, ఫెవికాల్ మరకలు అన్నీ అప్పుడు బయటపడతాయి. అంతకంటే ముఖ్యంగా, రంగులేని పూత వేస్తే మీ బల్ల రేపు ఎలా కనిపించబోతుందో ఇంచుమించు అదే రంగు. నా అంచనా ప్రకారం ఆ తేనె రంగు చూశాక మీవారు వాల్‌నట్ డబ్బా మూత తీయరు.

మరకల సంగతికి వస్తే, తెల్లటి వలయాలు సాధారణంగా పూతలో చిక్కుకున్న చెమ్మ వల్ల వచ్చినవే. అవి పూతతో పాటే పోతాయి. ఆవకాయ నూనె చెక్కలోకి దిగి ఉంటుంది. థిన్నర్‌లో తడిపిన గుడ్డను మరక మీద అద్దుతూ, గుడ్డకు పసుపు ఎరుపు రంగు అంటడం ఆగేవరకు కొత్త కొత్త మడతలు మారుస్తూ ఉండాలి. నూనె మిగిలితే ఆ చోట పూత పట్టదు, పట్టినా కన్నులా లేచి కనిపిస్తుంది. పసుపు మరక ఒక్కటే సులువైనది, ఎండ తగిలితే వెలిసిపోతుంది. అలాగని మన ఎండలో పలకను పూట పూటంతా ఉంచితే వంకరపోతుంది కాబట్టి పొద్దుటి ఎండలో గంటసేపు చాలు.

మూకుడు వేసిన నల్ల మచ్చ వేరే జాతిది. ఇనుము, తడి, చెక్కలోని వగరు పదార్థం కలిసి నల్లటి సిరాలా చెక్కలోనే పుట్టిన రంగు అది. సాండ్ పేపర్‌తో దాన్ని తీయబోతే పలకలో గుంట పడుతుందే తప్ప మచ్చ పోదు. హార్డ్‌వేర్ కొట్లలో ఆక్సాలిక్ యాసిడ్ పొడి దొరుకుతుంది. పట్నంబజారులో లేకపోతే విజయవాడ వన్‌టౌన్‌లో అడగండి. ప్లాస్టిక్ గిన్నెలో వేడినీళ్లు పోసి, అందులో పొడిని కలిపి, మచ్చ ఉన్న చోట మాత్రమే కాక పలక మొత్తానికీ బ్రష్షుతో సమంగా పూయండి. ఒక్క మచ్చకే పూస్తే అక్కడ తెల్లటి అచ్చు మిగులుతుంది. రాత్రంతా ఉంచితే నలుపు చాలావరకు దిగిపోతుంది. తరువాత మంచినీళ్లతో మూడు నాలుగుసార్లు తడిగుడ్డ పెట్టి తుడవాలి. ఆరినప్పుడు తేలే తెల్లటి స్ఫటికాలను కడగకుండా సాండ్ పేపర్ పట్టకండి. ఆ పొడి ముక్కులోకి పోతే మహా మంట. అది విషం కూడా. వంటింటి డబ్బాల దగ్గర ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు.

పగుళ్లు, మేకు బెజ్జాలు నింపడానికి రంపపు పొట్టును ఫెవికాల్‌లో కలపడం మన వడ్రంగుల అలవాటు. పెయింట్ కింద అది చక్కగా పనిచేస్తుంది గానీ రంగులేని పూత కింద పనికిరాదు. జిగురు స్టెయిన్‌ను పీల్చదు కాబట్టి ఆ చోటు మచ్చగా మిగిలిపోతుంది. మీ పలకను సాండింగ్ చేసినప్పుడు రాలిన సన్నటి పొడినే దాచి, కరిగించిన లక్కతో ముద్దచేసి నింపండి.

స్టెయిన్ పూర్తిగా నిరుపయోగం అని నేను అనడం లేదు. టేకు మాను నడిమి భాగం బంగారు గోధుమ రంగులో ఉంటే, బెరడు వైపు భాగం పాలిపోయి ఉంటుంది. పాత బల్లల్లో ఒకటి రెండు చెక్కల అంచున ఈ తెల్ల పట్టీ తరచుగా ఉంటుంది, ముదురు వార్నిష్ ఇన్నాళ్లూ దాన్ని దాచి ఉంచుతుంది. గీకిన తరువాత మీ పలకలోనూ అది బయటపడితే, స్టెయిన్ పని అక్కడ. వాల్‌నట్ దానికి మరీ ముదురు. టేకు రంగు స్టెయిన్ చిన్న డబ్బా తెచ్చుకుని, దానికి తగిన థిన్నర్ కలిపి పలచన చేసి, పలక అడుగున ప్రయత్నించి చూసి, పాత నూలు పంచె ముక్కతో ఆ పట్టీకి మాత్రమే చారల వెంబడి రాయండి. ఐదు నిమిషాలు ఆగి మిగిలినదంతా తుడిచేయాలి. తుడవకుండా వదిలేసిన స్టెయిన్ పైన జిగటగా ఉండిపోయి, రేపటి పూతను పట్టనివ్వదు. రంగు చాలకపోతే మరునాడు మళ్లీ రాయవచ్చు, ఎక్కువైతే తీయడం మాత్రం కష్టం. పలక చివర అడ్డకోత మామూలు కంటే ఎక్కువ పీల్చి నల్లబడుతుంది కాబట్టి అక్కడ దాదాపు పొడిగుడ్డతోనే అద్దండి.

పై పూతకు మీ బోటి ఇంటికి బ్రష్షుతో వేసుకునే సింగిల్ ప్యాక్ (గట్టిపరిచే ద్రవం కలపనక్కరలేని) పాలీయురెథేన్ వార్నిష్ మేలు. లక్క పాలిష్ చూడటానికి దానంత అందమైనది లేదు గానీ, వేడి గిన్నెకూ తడి గ్లాసుకూ తట్టుకోలేదు. దాన్ని పూజ పీటకో, పుస్తకాల బీరువాకో ఉంచుకోండి. మేస్త్రి చెప్పిన మెలమైన్ గట్టిదే, కానీ అది గట్టిపరిచే ద్రవం కలిపి వేసే పూత, కలిపాక నిలవ ఉండదు, ఆరేటప్పుడు ఫార్మాల్డిహైడ్ ఘాటు కళ్లు మండిస్తుంది. అదే కావాలనుకుంటే గీకుడు వరకు మీరు చేసి, పూత ఆయనకు వదిలిపెట్టి, ఆ నాలుగు రోజులూ బల్లను ఇంటి బయట ఉంచండి.

పాలీయురెథేన్ వేసే ముందు టేకు నూనె అడ్డు రాకుండా పలకను థిన్నర్ గుడ్డతో తుడిచి, అది ఆరిన వెంటనే మొదటి పూత వేయాలి. డబ్బాను ఊపకండి, బుడగలు వస్తాయి. చెక్కపుల్లతో నిదానంగా కలపండి. మొదటి పూతను కొద్దిగా టర్పెంటాయిలుతో పలచన చేస్తే రంధ్రాల్లోకి దిగుతుంది. మరునాడు గోరు గుచ్చితే ముద్ర పడనంత ఆరాక 320 నంబరు కాగితంతో తేలికగా రుద్ది, పొడి తుడిచి, రెండో పూత, ఆపై రోజు మూడోది. పలక అడుగున కూడా ఒక పూత తప్పక వేయండి. పైన మాత్రమే పూసి కింద వదిలేస్తే చెమ్మ ఒకవైపు నుంచే ఎక్కి దిగి, పలక వంగుతుంది.

అబ్బాయి కోరిన పెయింట్‌కు కాళ్ల దగ్గర చోటు ఉంది, అయితే అక్కడ ఒక జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం. ఇళ్లలో వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. మీ మామగారి కాలపు ఆకుపచ్చ ఎనామిల్‌లో సీసం ఉందనే అనుకుని పనిచేయాలి. కాబట్టి కాళ్లను పొడిగా సాండింగ్ చేయకండి, మంటతోనో హీట్ గన్‌తోనో కాల్చకండి. పెచ్చులు లేచిన చోట మాత్రమే నల్లటి వాటర్ పేపర్‌ను సబ్బునీళ్లలో తడుపుతూ నునుపు చేసి, వచ్చిన బురదను తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డలను సంచిలో కట్టి పారేయండి. పని జరిగే చోట చిన్నపిల్లలూ గర్భిణులూ ఉండకూడదు. పాత రంగును పూర్తిగా తీయాల్సిన పని లేదు. గట్టిగా ఉన్న ఎనామిల్ మీద ఒక ప్రైమర్, రెండు పూతల కొత్త ఎనామిల్ వేస్తే సీసం కిందే అణగి ఉంటుంది. ముదురు గోధుమ రంగో, నలుపో అయితే టేకు పలకకు నప్పుతుంది. తెల్లదే కావాలని అబ్బాయి పట్టుబడితే కాళ్లకు వేయనివ్వండి, పలకకు మాత్రం వద్దు.

థిన్నర్, స్పిరిట్ తెరిచిన చోట పొయ్యి గానీ దీపం గానీ వెలగకూడదన్నది అందరికీ తెలిసినదే. తెలియనిది ఏమిటంటే, అవిసె నూనె ఉన్న స్టెయిన్‌తోనో వార్నిష్‌తోనో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, ఎవరూ అగ్గి పెట్టకపోయినా వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. వాడిన ప్రతి గుడ్డను బయట తీగ మీద విడిగా పరిచి ఎండబెట్టి, ఆ తరువాతే చెత్తలో వేయండి.

చదువు బల్లకు ఈ పద్ధతి కుదరదు. సన్‌మైకాలోకి స్టెయిన్ ఇంకదు, అక్కడ పెయింట్ ఒక్కటే మార్గం. 180 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా గరుకు చేసి, జిడ్డు తుడిచి, నున్నటి ఉపరితలాలకు పట్టే ప్రైమర్ అడిగి తెచ్చి వేసి, దానిమీద ఎనామిల్ వేయండి. మామూలు ఉడ్ ప్రైమర్ వేస్తే గోటితో గీకినా ఊడుతుంది. లోపల పొట్టు చెక్క అయితే అంచులు నీటిని పీల్చి ఉబ్బుతాయి కాబట్టి వాటికి ప్రైమర్ రెండుసార్లు పట్టించండి.

కాలం గురించి చివరిగా ఒక మాట. ఈ వానల్లో పని మొదలుపెట్టకండి. గాలిలో చెమ్మ ఉన్నప్పుడు లక్కా లాకరూ పాలు పోసినట్టు తెల్లబారతాయి, నూనె పూతలు ఆరవు. గీకి వదిలేసిన పచ్చి చెక్క ఆ చెమ్మనంతా తాగుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మన జిల్లాలకు తుఫాన్ల భయం ఉండనే ఉంది. మే నెల కూడా మంచిది కాదు, ఆ వేడికి పూత బ్రష్షు కిందే ఆరిపోయి చారలు కడుతుంది. డిసెంబరు మొదట్లో వాన పోయాక, పొద్దుటి మంచు విడిచిన తరువాత పదింటికి మొదలుపెట్టి సాయంత్రం నాలుగు లోపల ఆపేయండి. పాలీయురెథేన్ మరునాటికే ఆరినట్టు కనిపించినా, వేడి గిన్నెను ఓర్చేంత గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. డిసెంబరు మూడో వారం లోపల చివరి పూత పడే వీలు లేదనిపిస్తే, ఈ సంక్రాంతికి పాత బల్ల మీదే గుడ్డ పరిచి వడ్డించి, పనిని ఫిబ్రవరిలో పెట్టుకోండి.